ఎడమ రెక్క

పోయిన శ్రావణంలో వంటింటి పైఅరలో ఉన్న డబ్బా అందుకోబోతే నా ఎడమ చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. లోపల ఎవరో గడియ పెట్టినట్టు ఆగింది. ఆ గడియ నాకు కొత్త కాదు. చాలా ఏళ్ళ కింద కుడి భుజానికి ఇలాగే పడి, ఏడాదికి పైగా పట్టింది వదలడానికి. అప్పట్లో ఒకావిడ నాతో అంది: "కుడిది తగ్గినంక కొన్నేండ్లకు ఎడమది పట్టుకుంటది చెల్లె. అందరికి కాదు, కొందరికే. నీకు పట్టుకుంటే నాకు ఫోన్ చేసి చెప్పు. నేనన్నది నిజమో కాదో తెలవాలె గద."

డాక్టరు చూసి, మళ్ళీ ఈత మొదలుపెట్టమన్నాడు. నేను నీళ్ళలో దిగి పదేళ్ళు దాటింది. బయటికి వచ్చి, ఆసుపత్రి మెట్ల మీదే నిలబడి ఆమెకు ఫోన్ చేశాను. ఆమె కూతురు ఎత్తింది.

"అమ్మ మొన్న ఎండకాలం పోయింది ఆంటీ. మీ నంబరు ఫోన్ల ఉన్నది గని మీరెవరో నాకు తెల్వదు. 'కాల్వ చెల్లె' అని పెట్టుకున్నది."

ఎందుకు చేశారని ఆ అమ్మాయి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నా ఎడమ భుజం కూడా పట్టుకుందని చెప్పడానికి చేశానన్నాను.

"ఉంటే మస్తు సంతోషపడుతుండె," అంది ఆ అమ్మాయి. తర్వాత, "పోయే ముందు నెల దాక ఈతకు పోయింది. ఎవరు ఒద్దన్నా ఇనలే," అంది.

ఆ ఇంట్లో తల్లిని పోగొట్టుకున్న పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో ఫోన్లో నాకు తెలియలేదు.

నా కుడి భుజం పట్టుకున్నది తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదున్న రోజుల్లో. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బ్యాంకులో పని చేసేదాన్ని. మాది తెనాలి దగ్గర పల్లె. చిన్నప్పుడు కాలువలో ఈత నేర్చుకున్నాను. పెద్దమనిషినయ్యాక ఇంట్లోవాళ్ళు మాన్పించారు. మళ్ళీ ముప్ఫై ఎనిమిదేళ్ళప్పుడు, భుజం పుణ్యమా అని, దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య ఉన్న ఒక ఈతకొలనులో పొద్దుటి పూట ఆడవాళ్ళ బ్యాచ్‌లో చేరాను.

మొదటి రోజు నిచ్చెన దిగుతుంటే, లోతు తక్కువ వైపు గట్టు పక్కన మెడ దాకా మునిగి నిలబడ్డ ఒకావిడ కనిపించింది. యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంది. నల్ల టోపీ కింద ముఖం గుండ్రంగా బయటపడి ఉంది. ఎడమ చేతిని నీళ్ళలో మెల్లగా పైకి తేలనిచ్చి, మళ్ళీ కిందికి దించి, దాన్నే చూస్తోంది. అది తన చెయ్యి కాదు, ఎవరో చూసి పెట్టమని ఇచ్చిన వస్తువు అన్నట్టు. జపమేదో చేసుకుంటోందనుకుని పక్కకు జరిగాను.

"నీది కుడిదా?" అంది నా వైపు తిరగకుండానే.

"మీకెలా తెలిసిందండీ?"

"ఒంటి చేత్తోటి దిగినవు గద. నాది ఎడమది. ఏ ఊరు?"

చెప్పాను. ఆమె ముఖం వెలిగింది. "కాల్వల ఈదినవా? కాల్వల ఈత ఎట్లుంటది చెప్పు. ముందుగాల కాళ్ళు కదుపుతరా, చేతులా?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలియదు. ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించి చెప్పడానికి నీళ్ళలో దిగి మూడుసార్లు ప్రయత్నించాను. ఆమె గట్టు పట్టుకుని, పరీక్ష హాల్లో తిరిగే పంతులమ్మలా చూస్తూ నిలబడింది. నిజంగానే ఆమె పంతులమ్మ. జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. నల్లగొండ జిల్లా మనిషి. వ్యవసాయ బావుల్లో నడుముకు బెండు కట్టుకుని ఈత నేర్చుకుంది. పెళ్ళితో మానేసి, ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ ఎండాకాలమే మళ్ళీ దిగింది.

"బాయిల నేర్చినోళ్ళకు ముందు దుంకుడు ఒస్తది, అటెన్క ఈత," అని తేల్చింది ఆఖరికి. "కాల్వల నేర్చినోళ్ళకు ముందు కొట్టుకపోవుడు ఒస్తది. అందుకే నువ్వు తల పైకి పెట్టి ఒడ్డు దిక్కు చూస్తున్నవు."

"నిజమేనండీ, మేడమ్ గారూ," అన్నాను.

"గారు ఒద్దు. నీళ్ళల్ల గారేంది, బరువు."

అప్పట్నుంచి అక్కా అన్నాను. బ్యాచ్‌లో మిగతావాళ్ళందరికీ ఆమె మేడమే.

ఆమె అడగని మనిషి లేదు. కోచ్ అమ్మాయిని నీళ్ళకు ఆ నీలం రంగు గచ్చుదా మందుదా అని అడిగేది. బట్టలు మార్చుకునే గదిలో ఒకామె మోకాలి మీద మచ్చ చూసి అదెలా వచ్చిందో చెప్పేదాకా కదిలేది కాదు. నన్నయితే బ్యాంకులో ఎక్కువసేపు కూర్చుంటే ఏ పక్క నొప్పి ముందు వస్తుందో, కలలో ఈదితే భుజం నొస్తుందో లేదో కూడా అడిగింది. కలలో నొప్పి ఉండదని చెప్పాను. రెండు రోజులు దాని గురించే ఆలోచించింది.

భుజం విషయంలో ఆమెదంతా ప్రయోగం. రోజుకు ఒక్కటే మార్చాలనేది. ఇవాళ చెయ్యి నీళ్ళలో పడేటప్పుడు బొటనవేలు ముందు పడనీ, రేపు చెయ్యి పరిచి వెయ్యి, ఎల్లుండి ఊపిరి రెండో పక్క తీసుకో. రెండు ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలియదని కోప్పడేది. అలా చేస్తూ చేస్తూ మాకు కొన్ని సంగతులు తెలిశాయి. బొటనవేలు ముందు పడితే ఇద్దరికీ భుజం లోపల పొడిచినట్టుండేది. ఒళ్ళంతా పక్కకు దొర్లిస్తే చెయ్యి తేలిగ్గా లేచేది. వెల్లకిలా తేలడం అన్నిటికంటే హాయి. నొప్పికి ఆమె పెట్టుకున్న చట్టం ఒకటుంది.

"గుంజితే పోనియ్యి. గుచ్చితే ఆపు. రాత్రి పండినంక గూడ సలిపితే తెల్లారి నీళ్ళ జోలికి పోకు."

ఒక రోజు గట్టు మీద కూర్చుని సంచిలోంచి చేతిరుమాలు తీసి విప్పింది. అందులో తెల్లగా, పల్చగా, చేట ఆకారంలో ఒక ఎముక ఉంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒక్కసారిగా వెనక్కి జరిగారు.

"మేకది. మటన్ కొట్టాయనను అడిగి తెచ్చిన. ఉడకబెట్టి కడిగిన, భయపడకున్రి. మన రెక్క బొక్క గూడ ఇసొంటిదే. చెల్లె, నీ వీపు ఇటు పెట్టు."

ఆ మేక ఎముకను నా వీపు మీద ఆనించి, అది జారితేనే చెయ్యి పైకి పోతుందని, మనం ఊరికే చెయ్యి ఒక్కదాన్నే లాగుతున్నామని అందరికీ చూపించింది. తర్వాత నెలకు నా చెయ్యి తల దాటి పైకి వెళ్ళింది. ఆమెది మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

అదే నాకు వింతగా తోచింది. ఒకరోజు అడిగాను, "ఎక్స్‌రే తీయించారా అక్కా?"

అన్నీ అడిగే మనిషి చప్పున ముఖం తిప్పుకుంది. "గదొక్కటి అడగకు," అని లోతు వైపుకు వెళ్ళిపోయింది.

అంతలో సమ్మె మొదలైంది. కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి. ఆమె పొద్దున ఈతకు వచ్చి, తర్వాత ఎల్బీనగర్ దారిలో వేసిన దీక్షా శిబిరంలో కూర్చునేది. మా బ్యాచ్‌కు వనస్థలిపురం నుంచి వచ్చే భీమవరం ఆవిడ ఒకరున్నారు. ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "నువ్వావిడతో అంత పూసుకు తిరక్కమ్మా. నిన్న టెంట్లో మైకు పట్టుకుని మనల్ని ఎన్ని తిట్టిందో మావారు విన్నారట," అంది.

మర్నాడు నీళ్ళలోనే అడిగేశాను. "మీరు మమ్మల్ని తిట్టారటగా?"

"తిట్టిన. నువ్వు ఇన్నవా?"

"లేదు. ఎవరో చెప్పారు."

"అయితే సగమే తెలిసుంటది. సాయంత్రం రా. మొత్తం ఇని చెప్పు ఎట్లున్నదో."

పిలిచిన తీరు చూస్తే ఏదో పేరంటానికి పిలిచినట్టుంది. భయం వేసింది గానీ, వెళ్ళకుండా ఉండలేకపోయాను. బ్యాంకు అయ్యాక నడుచుకుంటూ వెళ్ళి టెంటు చివర ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. ఆమె మైకు తీసుకుంది. నన్ను చూసింది. చూసినా ఒక్క మాట మార్చలేదు.

ఆ రోజు ఆమె చెప్పింది నీళ్ళ సంగతి. సాగర్ మా జిల్లలనే ఉన్నది, నీళ్ళు మా ముంగటి నుంచే కాల్వలకు పోతయి, మేము మాత్రం బోర్ల నీళ్ళు తాగినం అంది. ఆ నీళ్ళలో ఫ్లోరైడు ఉందని, అది పళ్ళకు పట్టి, తర్వాత ఎముకలకు పడుతుందని చెప్పింది. చెప్పి, గొంతు తగ్గించింది.

"మా అమ్మకు మెడ తిరగదు. నడుము వంగినంక లేవలేదు. చేతులు రొమ్ము దాక గూడ రావు. రోజు పొద్దున నేను తలదువ్వుతా. నా బిడ్డ పుట్టినప్పుడు ఎత్తుకోమని ఇస్తే, 'పక్కన పండబెట్టు బిడ్డా, చూస్తా' అన్నది."

అప్పుడు నాకు ఎక్స్‌రే సంగతి అర్థమైంది.

శిబిరం నుంచి బయటికి వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాం. "ఎట్లున్నది? నిజం చెప్పు," అంది.

"కాలువలో ఈదేటప్పుడు ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని నేనెప్పుడూ అనుకోలేదక్కా," అన్నాను.

"నేను గూడ నీ కాల్వల పిల్లలు ఈదుతరని అనుకోలే, నువ్వు చెప్పినదాక. మాకు అది పటంల గీత."

నేనే మళ్ళీ అన్నాను. "మీది కూడా అదేనేమోనని భయపడుతున్నారు కదూ."

"తెలిస్తే ఏం చేస్త? గది బాగయ్యేది కాదు. ఈతతోటి వదిలితే అది కాదన్నట్టు. వదలకపోతే అదే అన్నట్టు. అందుకే దిగిన నీళ్ళల్లకు." తన ఎడమ భుజం మీద కుడి చెయ్యి వేసుకుంది. "వదుల్తలేదు."

ఇన్నాళ్ళూ ఆమె తన చేతిని అలా చూస్తూ నిలబడింది దేనికో నాకప్పుడు తెలిసింది.

నేను బలవంతం చేయలేదు. వారం తర్వాత, ఒక బంద్ రోజు, ఆమే ఫోన్ చేసింది. "చెల్లె, తెలవకపోవుడు గూడ సలుపుతున్నది. పోదాం పా." చైతన్యపురిలో ఎముకల డాక్టరొకాయన తలుపు తీసి ఉంచాడని కనుక్కుందట.

ఆటోలు లేవు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మొత్తం ఖాళీగా ఉంది. రోజూ పక్కకు చూడకుండా దాటలేని ఆ రోడ్డు నడిమధ్య నడిచాం. చౌరస్తాలో కండువాలు వేసుకున్న కొందరు బండ్లు ఆపుతున్నారు. ఒకాయన మా వైపు వచ్చి ఎక్కడికని అడిగాడు. నా యాస బయటపడుతుందని నోరు విప్పలేదు. ఆమె నా చెవిలో, "నువ్వే చెప్పు. ఏమంటడో చూద్దాం," అంది.

"ఆస్పత్రికండీ. అక్కకి భుజం నొప్పి," అన్నాను.

ఆయన నన్ను చూశాడు, ఆమెను చూశాడు. "దవాఖానకైతే పోండ్రమ్మా. ఎండల పడి పోతున్నరు, పక్కపొంటి నడువుండ్రి," అన్నాడు.

నాలుగడుగులు వేశాక ఆమె, "నువ్వేమంటడనుకున్నవు?" అని అడిగింది. తిడతాడనుకున్నానన్నాను. "నేను గూడ గదే అనుకున్న," అంది. "అందుకే నిన్ను మాట్లాడమన్న." కోపం రావాల్సింది. నవ్వొచ్చింది.

డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత, "చిన్నప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారమ్మా?" అన్నాడు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

ఊరు చెప్పింది. పదేళ్ళప్పుడు హాస్టల్‌కు వచ్చేశానని చెప్పింది.

"ఆ నీళ్ళ గుర్తు ఎముకల్లో కొద్దిగా ఉంది. కానీ మీ భుజం బిగుసుకున్నది దానివల్ల కాదు. కీలు చుట్టూ సంచిలా ఒక పొర ఉంటుంది, అది ముడుచుకుంది. ఈ వయసులో చాలామందికి వచ్చేదే. టైం పడుతుంది, వదులుతుంది. ఈత మానకండి."

ఇక అడగడం మొదలుపెట్టింది. ఆ గుర్తు ఎక్కడుంది, ఎంతుంది, పెరుగుతుందా, ఆగుతుందా. ముడుచుకున్నది ఎందుకు ముడుచుకుంది, వదిలేటప్పుడు పై నుంచి వదులుతుందా కింద నుంచా. డాక్టరు విసుక్కోకుండా చెప్పాడు. బంద్ కాబట్టి వేరే ఎవరూ లేరు.

బయటికి వచ్చి మూసి ఉన్న ఒక కోచింగ్ సెంటరు మెట్ల మీద కూర్చున్నాం. ఆమె తేలికపడుతుందనుకున్నాను. ఫిల్ము కవరు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది.

"అయితే మా అమ్మది వేరు, నాది వేరు," అంది.

"మంచిదే కదక్కా."

"మంచిదే. లోపట సంతోషమైతున్నది. గదే నాకు మంచిగనిపిస్తలేదు." కళ్ళు తుడుచుకోవడానికి పొరపాటున ఎడమ చెయ్యి లేపింది. అది గడ్డం దాకా వచ్చి ఆగింది. దాన్ని కాసేపు చూసి, కుడి చేత్తో తుడుచుకుంది.

తర్వాత లేస్తూ, దారిలో ఎవరినో అడ్రసు అడిగినంత మామూలుగా నన్నడిగింది. "చెల్లె, నీళ్ళల్ల నా రెక్క బయట కంటె జానెడు పైకి లేస్తది గద. మా అమ్మది ఎంత లేస్తదంటవు?"

రెండు వారాలకు, సమ్మె ఇంకా నడుస్తుండగానే, సైదాబాద్‌లోని ఇంటి నుంచి తల్లిని ఆటోలో తెచ్చింది. చాలా చిన్న మనిషి. నడుము దగ్గర సగానికి వంగిపోయి, నేలను చూస్తూ నడిచే మనిషి. ఎదుటివాళ్ళ ముఖం చూడాలంటే పక్కకు తిరిగి, కళ్ళు మాత్రం పైకెత్తేది. నూలు చీరతో నీళ్ళలో దిగకూడదని కోచ్ అమ్మాయి అడ్డం చెప్పింది. రూలు అది. ఏం చేద్దామా అని మేం చూస్తుంటే, భీమవరం ఆవిడ సంచిలోంచి తన రెండో జత ఈత దుస్తులు తీసింది. నైలాన్ చొక్కా, పైజామా. "ఇవి వదులుగా ఉంటాయి. రండి పెద్దమ్మా, నేను తొడుగుతాను," అంది. చేతులు లేవని మనిషికి చొక్కా తొడగడం ఇద్దరికి పావుగంట పని అయింది. లోపల్నుంచి భీమవరం ఆవిడ గొంతు, "నొప్పి పెట్టానా? నొప్పి పెట్టానా?" అని వినిపిస్తూనే ఉంది.

మెట్ల వైపు నుంచి కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురం నాలుగు పక్కల పట్టుకుని దించాం. నీళ్ళు నడుముకు వచ్చేసరికి ముసలమ్మ ఊపిరి బిగబట్టింది. రొమ్ముకు వచ్చేసరికి కుర్చీ తీసేశాం. కూతురు వెనక నుంచి వీపుకు తన ఛాతీ ఆనించి, తల్లి చేతుల కింద తన చేతులు పెట్టింది.

"అమ్మ, చేతులు నువ్వు లేపకు. ఇడిచిపెట్టు. నీళ్ళు చూసుకుంటయి."

ముందు ఏమీ కాలేదు. పిడికిళ్ళు బిగించుకుని ఉంది. కాసేపటికి వేళ్ళు విడివడ్డాయి. తర్వాత రెండు చేతులూ మెల్లగా, ఎవరూ లేపకుండా, పైకి తేలాయి. భుజాల దాకా రాలేదు. రొమ్ము దాకా వచ్చి, నీళ్ళ మీద పరుచుకుని నిలబడ్డాయి. ముసలమ్మ వంగిన తలతో తన చేతుల్ని తనే చూసుకుంది. ఎన్నేళ్ళుగానో ఒళ్ళోనే ఉండిపోయిన చేతులు కళ్ళ ముందుకొచ్చాయి. వేళ్ళు కదిపి చూసుకుంది. అరచేతులు తిప్పి చూసుకుంది. అచ్చం కూతురు చూసినట్టే, ఎవరివో అన్నట్టు.



"బిడ్డా," అంది ముసలమ్మ. "గీ నీళ్ళు యాడివి?"

ఇన్ని నెలలుగా ఆ కొలనులో అక్క అడగని ప్రశ్న లేదనుకున్నాను. ఇది మాత్రం ఎవరం అడగలేదు. ఆమె తల తిప్పి కోచ్ అమ్మాయి వైపు చూసింది.

"కృష్ణా నీళ్ళే మేడమ్. సాగర్ నుంచి వస్తయి కద, ఆ పైపుల నీళ్ళు," అంది ఆ అమ్మాయి గట్టు మీద నుంచి.

ముసలమ్మ ఒక చేత్తో నీళ్ళను మెల్లగా అటు తోసింది, ఇటు తోసింది.

"అయితే ఒచ్చినయన్నట్టు," అంది.

కూతురు ముఖం నాకు కనిపించలేదు. తల్లి భుజం మీద గడ్డం ఆనించి ఉంది. బ్యాచ్ అయిపోయిందని కోచ్ అమ్మాయి విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదకుండానే తీసేసింది. బయట తరవాతి బ్యాచ్ మగవాళ్ళు తలుపు కొడుతున్నారు. భీమవరం ఆవిడ గట్టెక్కి, తడిబట్టలతోనే వెళ్ళి ఆ తలుపుకు అడ్డంగా నిలబడి, "ఇంకొంచెం సేపు ఆగండి బాబూ, లోపల పెద్దావిడ ఈదుతున్నారు," అని చెప్పింది.